నలుగురు రాసిన నాటికకు ఒక్క గొంతు

తమ్ముడూ,

బహుమతి సంగతి అలా ఉంచు. నలుగురు కలిసి రాసిన నాటిక వేదిక మీద అతుకుల బొంతలా ఎందుకు వినిపించిందని అడిగావు. చర్చలు మీరు బాగానే చేశారు. తుది ప్రతి ఎవరి చేతి మీదుగా వెళ్లాలో మాత్రం మొదట్లో తేల్చుకోలేదు.

రంగానికొకరు చొప్పున పంచుకున్నారు. కాలేజీల్లో అందరూ చేసేది అదే, పనీ త్వరగా తెములుతుంది. చిక్కు పాత్రల భాషలో వస్తుంది. మొదటి రంగంలో "వచ్చిండు, పోయిండు" అన్న తండ్రి మూడో రంగంలో "వచ్చాడు, వెళ్లాడు" అంటాడు. ఆ రంగం రాసిన కుర్రాడిది వరంగల్ కాదు, ఏలూరు మరి. కోడలు మామగారిని ఒకచోట "మీరు" అని, ఇంకోచోట "నువ్వు" అంటుంది. తప్పెక్కడుందో ప్రేక్షకుడు చెప్పలేకపోవచ్చు గానీ ఆ మనుషుల్ని నమ్మడం మానేస్తాడు.

అందుకని కలం పట్టకముందే పాత్రకో కాగితం రాయండి: వయసు, ఊరు, చదువు, ఎవరిని ఏమని పిలుస్తాడు, ఏ రంగం నాటికి అతనికి ఏం తెలుసు. ఈ చివరిది అందరూ వదిలేస్తారు. రెండో రంగంలో ఉత్తరం చదివేసినవాడు నాలుగో రంగంలో అదే వార్త విని మళ్లీ నిర్ఘాంతపోయేది అందుకే. చిత్తుప్రతి అయ్యాక పంపకం మార్చండి, ఈసారి పాత్రకొకరు. ఒకడు తండ్రి మాటలు మాత్రమే మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుతూ దిద్దాలి. ఆ తర్వాత ఒక్క చెయ్యి మొత్తం తిరగరాయాలి. ఆ పనికి మీలో గొప్ప రచయితే అక్కర్లేదు, ఇంకొకరి మంచి వాక్యాన్ని ముట్టుకోకుండా ఉండగలిగినవాడు కావాలి. అలాంటివాళ్లు తక్కువే.

యూనివర్సిటీ యువజనోత్సవాల్లో ఏకాంకికకు మామూలుగా ఇచ్చేది 30 నిమిషాలు. కూర్చుని చదివితే 30 వచ్చే ప్రతి, రాకపోకలూ నవ్వులూ మౌనాలూ కలిస్తే 40కి దగ్గరవుతుంది. కూర్చుని చదివితే 22 నిమిషాలు వచ్చే దగ్గరే ఆపండి. నలుగురు రాసినప్పుడు ప్రతివాడూ తన రంగం మొదట్లో కథను మళ్లీ పరిచయం చేస్తాడు, కోత అక్కడ మొదలుపెట్టండి. ఓట్లు పెట్టి కోయొద్దు. బేరాలు కుదిరి అందరివీ కాస్త కాస్త పోతాయి, పోవాల్సింది మిగిలిపోతుంది. ఏం పోవాలో ఆ రంగం రాయనివాడు చెప్పాలి.

అందరూ యూనికోడ్‌లోనే టైపు చేయండి. ఒకరు యూనికోడ్ కాని అనూ ఫాంట్‌లో కొట్టి పంపితే మిగతావాళ్ల ఫోన్లలో పిచ్చి అక్షరాలే కనబడతాయి. మళ్లీ కొట్టినవాడు మాటలు మారుస్తాడు, మార్చానని కూడా తెలీదు. వాట్సాప్‌లో "ఫైనల్", "ఇదే ఫైనల్" అని తిప్పకుండా ఫైలు పేరులో తేదీ వేయండి. రిహార్సల్లో మారిన మాట ఆ రాత్రికే ప్రతిలోకి ఎక్కాలి. లేకపోతే ప్రాంప్టర్ ఒకటి అందిస్తాడు, నటుడు ఇంకోటి అంటాడు.

ఇక పేర్లు. తిరుపతి వెంకట కవుల జంటలో తిరుపతి శాస్త్రి పోయాక కూడా చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి ఆ జంట పేరుతోనే రాశారు. మీ స్నేహం అంతటిదైతే సరే. లేదంటే రచన కింద ఎవరెవరి పేర్లు, ఏ వరసలో అన్నది మొదటి వారమే కాగితం మీద పెట్టండి. కథ ఆలోచన తనదేనని చివరికి నలుగురూ నిజాయితీగానే నమ్ముతారు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. కలిసి కూర్చోకముందే, ఈ నాటికలో ఏం జరిగిందో ఎవరికి వారు ఒక పేజీ రాయండి. "టీమ్ వర్క్ నేర్చుకున్నాం" లాంటివి కాలేజీ రిపోర్టుకు దాచుకో. మొదటి చిత్తునూ ఆడిన ప్రతినీ పక్కపక్కన పెట్టి, పోయిన ప్రతి మాటకీ కారణం రాయండి: నోరు తిరగలేదా, ముందే చెప్పేశారా, నిడివి చాలలేదా? నటులు తడబడిన వాక్యాలు విడిగా తీయండి. చూసి, వచ్చి, కూర్చుని అంటూ అసమాపక క్రియలు మోస్తూ అసలు క్రియ కోసం ఊపిరి బిగబట్టించే వాక్యాలే వాటిలో ఎక్కువుంటాయి.

ఆ నాలుగు పేజీలూ నాకు పంపు. నలుగురూ మాట్లాడుకున్నాక దిద్దినవి వద్దు.

అన్నయ్య