కీమో మందులు కలిపే డ్యూటీ పడితే ముందు ఏం చూసుకోవాలి?

మీరు ఫార్మసిస్టుగా చేరారు, వచ్చే నెల నుంచి కీమో మిక్సింగ్ గదిలో డ్యూటీ వేశారు. "హుడ్ ఉంది, రెండు జతల గ్లౌజులు, ఎన్‌95 మాస్కు ఇస్తామన్నారు. ఇవి చాలా? పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం, ఈ డ్యూటీకి ఒప్పుకోవచ్చా?" అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, కొత్తగా వచ్చేవాళ్లకు నేర్పుతాను కూడా. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

గ్లౌజుల సంగతి తర్వాత. ముందు ఆ హుడ్, అంటే ఫిల్టరైన గాలి వీచే మందు కలిపే పెట్టె, ఏ రకమో కనుక్కోండి. ఐవీ మందులు, అంటే నరంలోకి ఎక్కించేవి, కలిపే చోట హారిజాంటల్ లామినార్ ఫ్లో హుడ్ అని ఒకటి ఉంటుంది. దాంట్లో ఫిల్టరైన గాలి వెనక గోడ నుంచి ముందుకు, అంటే సరాసరి మీ ముఖం మీదికి వీస్తుంది. యాంటీబయాటిక్‌లు, టీపీఎన్ (నరం ద్వారా ఎక్కించే పోషకాహారం) కలపడానికి అది బంగారం. కీమోకి మాత్రం పనికిరాదు. మందులో సూక్ష్మజీవులు పడకుండా చూస్తుంది గానీ, ఆ మందునే మీ ముక్కు దగ్గరికి తెస్తుంది. ఈ మందులు కలిపేవాళ్లకూ ప్రమాదం ఉందన్న అనుమానం గట్టిపడింది 1979లో. ఆ ఏడాది ఫిన్లాండ్ పరిశోధకులు కీమో మందులతో పనిచేసే నర్సుల మూత్రంలో జన్యువుల్లో మార్పులు తెచ్చే గుణం ఎక్కువగా ఉందని లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు.

కీమోకి కావలసింది క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్, లేదా చేతులు మాత్రమే లోపలికి వెళ్లే ఐసొలేటర్. క్యాబినెట్‌లో గాలి పైనుంచి కిందికి దిగుతుంది, ముందున్న జాలీ గుండా లోపలికి లాగేసుకుంటుంది. దాని ఎగ్జాస్ట్ ఎక్కడికి పోతుందో కూడా అడగండి. అందులోని హెపా ఫిల్టర్ (అతి సన్నని కణాలను ఆపే జల్లెడ) పొడినీ తుంపరనీ పట్టుకుంటుంది కానీ ఆవిరిని పట్టుకోలేదు. కాబట్టి ఆ గాలి గొట్టం గుండా భవనం బయటికి పోవాలి, తిరిగి గదిలోకి రాకూడదు. ఆరు నెలలకోసారి టెస్ట్ చేసి స్టిక్కర్ అంటిస్తారు, తేదీ చూసుకోండి. గది కూడా పక్క గదుల కంటే నెగెటివ్ ప్రెజర్‌లో ఉండాలి. అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) 800వ అధ్యాయం దీనికి 0.01 నుంచి 0.03 అంగుళాల నీటిమట్టం తేడా ఉండాలంటుంది. మీటర్ లేకపోతే తలుపు సందు దగ్గర సన్నని టిష్యూ ముక్క పట్టుకుని చూడండి. అది గది లోపలి వైపు వాలాలి. ఇది ఉజ్జాయింపు పరీక్షే, కానీ బయటికి ఎగిరితే మాత్రం ఆ రోజు పని మొదలుపెట్టకుండా ఇంజనీరింగ్ వాళ్లకు ఫోన్ చెయ్యండి.

ఇక ఎక్కువమంది తేలిగ్గా తీసుకునే విషయం. వయల్, అంటే మందుండే చిన్న గాజు సీసా, పగిలి మందు ఒలికిపోతుందని అందరూ భయపడతారు. నిజానికి అది అరుదు, జరిగినా కళ్లకు కనిపిస్తుంది, వెంటనే జాగ్రత్త పడతాం. రోజూ కొంచెం కొంచెంగా ఒంటికి చేరేది కంటికి ఆనని మరకల నుంచి. కంపెనీ నుంచి వచ్చిన సీలు తీయని వయల్ బయటి గాజు మీద కూడా మందు జాడలు ఉంటాయని చాలా అధ్యయనాల్లో తేలింది. అట్టపెట్టె విప్పి సర్దే స్టోర్ రూమ్ అబ్బాయికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. స్టాక్ దింపేటప్పుడే కీమో గ్లౌజులు వేసుకోవాలి, వయల్‌ను తడి వైప్‌తో తుడిచాకే క్యాబినెట్‌లో పెట్టాలి. స్ప్రే బాటిల్‌తో నేరుగా వయల్ మీద కొట్టే అలవాటు ఉంటే మానుకోండి. దానివల్ల మరక చెదిరి చుట్టుపక్కల పడుతుంది. ఇంకోటి, ఆల్కహాల్ సూక్ష్మజీవులను చంపుతుంది తప్ప కీమో మందును ఏమీ చెయ్యదు, అటూ ఇటూ పూస్తుందంతే. అందుకే క్యాబినెట్ తుడిచేటప్పుడు వరుస ముఖ్యం. ముందు మందును నిర్వీర్యం చేసే ద్రావణం, సాధారణంగా 2 శాతం సోడియం హైపోక్లోరైట్. అది స్టీలును తినేస్తుంది కాబట్టి వెంటనే థయోసల్ఫేట్ లేదా స్టెరైల్ నీళ్లతో తుడవాలి. తర్వాత డిటర్జెంట్, ఆఖరున ఆల్కహాల్.

మా దగ్గర కొత్తవాళ్లకు మొదట్లో అసలు మందు చేతికివ్వం. ఫ్లోరెసిన్ రంగు కలిపిన నీళ్లు వయల్లో నింపి, కీమో కలిపినట్టే మొత్తం కలిపి, లేబుల్ వేసి, సంతకం పెట్టమంటాం. తర్వాత లైట్లు ఆర్పి అల్ట్రావయొలెట్ దీపం వేస్తాం. రంగు పడిన చోటల్లా పచ్చగా మెరుస్తుంది. ఎక్కువగా కనిపించేది ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చివర్లలో, ఎందుకంటే వయల్ మెడ పట్టుకునేది అక్కడే. తర్వాత గౌను చేతి అంచు. ఓసారి ఎంతో అనుభవమున్న ఒక సిస్టర్ సరదాగా ఈ పరీక్షకు కూర్చున్నారు. క్యాబినెట్ లోపల ఒక్క చుక్క లేదు, చేయి అంత శుభ్రం. మెరిసిందల్లా ఆవిడ పెన్ను క్లిప్పు. బయటి జత గ్లౌజులు తీయకుండానే సంతకానికి జేబులోంచి పెన్ను తీశారన్నమాట. ఆ పెన్ను సాయంత్రం ఇంటికి పోతుంది, పిల్లల హోమ్‌వర్క్ దిద్దుతుంది.

గ్లౌజులు వేసుకోవడం కంటే తీసే క్రమం మీద మనసు పెట్టమనేది అందుకే. లోపలి జత గౌను చేతి కింద, బయటి జత గౌను చేతి మీద ఉండాలి. పని అయ్యాక బయటి జతను క్యాబినెట్ లోపలే తీసి, అక్కడే కవర్లో వేసి, ఆ తర్వాతే తయారైన బ్యాగును బయటికి తీసి లేబుల్ అంటించాలి. మామూలు ఎగ్జామినేషన్ గ్లౌజులు కుదరవు. డబ్బా మీద కీమో మందులకు పరీక్షించినట్టు, అంటే ఏఎస్‌టీఎం డి6978 అని ఉండాలి, పౌడర్ లేనివై ఉండాలి. ముప్పై నిమిషాలకోసారి మార్చాలి, చిరిగినా తడిసినా అప్పటికప్పుడే. కార్ముస్టిన్, థయోటెపా లాంటివి కొన్ని రకాల గ్లౌజుల గుండా తొందరగా దిగిపోతాయి, వాటి దగ్గర మరీ జాగ్రత్త. గౌను ముందువైపు తెరుచుకోకూడదు, వెనక కట్టేది, నీరు ఇంకని పూత ఉన్నది కావాలి. ఉతికి మళ్లీ వేసుకునే నూలు గౌను ఇస్తే తీసుకోకండి. ఇక మీకిస్తామన్న ఎన్‌95 మాస్కు పొడిని, తుంపరని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మాస్కు ఉంది కదా అని క్యాబినెట్ లేకపోయినా పర్లేదని ఎవరైనా అంటే అది కుదరదని చెప్పండి.

ఇప్పుడు చేతి పని. సైక్లోఫాస్ఫమైడ్ 1 గ్రాము పొడి వయల్ తీసుకుందాం. అందులో 50 మి.లీ. సెలైన్ పోయాలి. ఒకేసారి తోసేస్తే లోపలున్న గాలి నలిగి ఒత్తిడి పెరుగుతుంది. సూది తీయగానే ఊపిన సోడా సీసా మూత తీసినట్టు మందు చిమ్ముతుంది. అందుకని కొంచెం సెలైన్ పోసి, ప్లంజర్ వదిలి అంత గాలిని సిరంజిలోకి రానివ్వాలి, మళ్లీ కొంచెం పోయాలి, మళ్లీ గాలిని రానివ్వాలి. చివరికి వయల్లో ఒత్తిడి బయటికంటే ఒక పిసరు తక్కువే ఉండాలి. మందు బయటికి లాగేటప్పుడు దీనికి తిరగేసి చేస్తాం. 20 మి.లీ. కావాలంటే ముందుగా వయల్లోకి 15 మి.లీ.కి మించి గాలి ఎక్కించకూడదు, అదీ విడతలుగా. సిరంజి తిప్పి బిగించే లూయర్ లాక్‌దే కావాలి, ముప్పాతికకు మించి నింపకూడదు. నిండా నింపితే ప్లంజర్ వెనక నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంటుంది. సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, విరవొద్దు. ఐవీ గొట్టాన్ని మందు కలపకముందే ఒట్టి సెలైన్‌తో క్యాబినెట్‌లోనే నింపి పంపండి. ఇది మనకు నిమిషం పని. లేకపోతే వార్డులో సిస్టర్ మందుతోనే గొట్టం నింపి, చివరి చుక్కలు ఏ ట్రేలోనో వదలాల్సి వస్తుంది.

ఈ ఒత్తిడి గొడవను చాలావరకు తగ్గించేవి క్లోజ్డ్ సిస్టమ్ ట్రాన్స్‌ఫర్ డివైస్‌లు. బయటి మురికి లోపలికి, లోపలి మందు ఆవిరి బయటికి పోకుండా యాంత్రికంగానే అడ్డుకుంటాయి. మీ దగ్గర ఉంటే తప్పకుండా వాడండి, లేకపోతే కొనమని అడగండి. ఖరీదైనవే, అయినా అడగడం మన పని. కానీ అవి క్యాబినెట్‌కు బదులు కాదు, క్యాబినెట్ లోపల వాడేవి. అన్ని మందులకూ పొసగవు కూడా. బెండముస్టిన్ ద్రావణంలోని ద్రావకం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తుందని 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

మనల్ని మనం కాపాడుకునే హడావుడిలో రోగిని మర్చిపోకూడదు. ఆక్సాలిప్లాటిన్‌ను సెలైన్‌లో కలపకూడదు, 5 శాతం డెక్స్ట్రోజ్‌లోనే. సిస్‌ప్లాటిన్‌కు దానికి విరుద్ధం, సెలైన్‌లో ఉండే క్లోరైడ్ లేకపోతే నిలవదు, ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడుతుంది. పాక్లిటాక్సెల్‌కు పీవీసీ లేని బ్యాగు, సన్నని ఫిల్టరున్న గొట్టం కావాలి. ట్రాస్టుజుమాబ్‌ను ఊపకండి, మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఇవన్నీ గోడ మీద చార్టుగా ఉండాలి. నాకు గుర్తుందిలే అనుకుంటూ చేసే పని కాదిది, నేను ఇప్పటికీ చార్టు చూస్తాను. డోస్ లెక్క, వయల్, లాగిన పరిమాణం, ఈ మూడూ రెండో మనిషి విడిగా చూడాలి. మీరు చెప్పిన అంకెకు తలూపితే అది చెకింగ్ కాదు.

వింక్రిస్టిన్ గురించి మాత్రం విడిగా చెప్పాలి. అది నరంలోకే వెళ్లాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది, లోకంలో చాలా చోట్ల పోయింది కూడా. వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్ సిరంజి, ఇదీ ఒకే రోజు ఒకే రోగి కోసం వార్డుకు వెళ్లడమే ఎక్కువసార్లు కొంప ముంచింది. సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరిక జారీ చేసింది. వెన్నులోకి వెళ్లిన సూదికి ఎవరూ బ్యాగు తగిలించరు కదా. "ఈ ఒక్కసారికి సిరంజిలో ఇచ్చేయండి, టైమ్ లేదు" అని ఎంత పెద్ద డాక్టర్ అడిగినా ఇవ్వకండి. మాట పడాల్సి వస్తే పడండి.

ఒలికితే ఏం చెయ్యాలో మొదటి రోజే అడిగి, స్పిల్ కిట్ (ఒలికిన మందును శుభ్రం చేసే సామాన్ల పెట్టె) ఎక్కడుందో మీ కళ్లతో చూడండి. చర్మం మీద పడితే గ్లౌజులు, గౌను తీసేసి సబ్బు నీళ్లతో బాగా కడగాలి, కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లు కొడుతూనే ఉండాలి, తర్వాత రిపోర్టు రాయాలి. చిన్నదే కదా అని రాయకుండా వదిలేసేవాళ్లు చాలామంది.

మీ రెండో ప్రశ్న. ఈ మందుల్లో చాలావాటికి గర్భానికి హాని చేసే గుణం ఉంది. అవయవాలు ఏర్పడేది మొదటి వారాల్లో, అప్పటికి కొందరికి గర్భం ఉన్న సంగతే తెలియదు. అందుకే జాగ్రత్త ప్లాన్ చేసుకునే దశ నుంచే మొదలవ్వాలి, పాలిచ్చే నెలల్లోనూ కొనసాగాలి. మగవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది, వాళ్లెవరూ అడగరు గానీ. మంచి క్యాబినెట్, సరైన అలవాట్లు ఉంటే ఒంటికి చేరేది బాగా తగ్గుతుంది, కానీ సున్నా అని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను మీ స్థానంలో ఉంటే ఇప్పుడు వేరే డ్యూటీ అడుగుతాను. ఆర్డర్లు చూడటం, డోస్ లెక్కలు సరిచూడటం లాంటి పనులు ఈ విభాగంలోనే బోలెడున్నాయి, మిక్సింగ్ తర్వాత నేర్చుకోవచ్చు. నోటిమాటగా కాకుండా రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పిల్లల సంగతి బయటపెడితే ఉద్యోగంలో ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంటే, అది ఆక్యుపేషనల్ హెల్త్ డాక్టర్‌కు, అంటే ఉద్యోగుల ఆరోగ్యం చూసే డాక్టర్‌కు, మాత్రం చెప్పి, పై వాళ్లకు ఇచ్చే కాగితంలో "శిక్షణ పూర్తయ్యి, క్యాబినెట్ సర్టిఫికెట్ చూపించేవరకు మిక్సింగ్ డ్యూటీ వద్దు" అని రాయండి. అందులో అబద్ధమేమీ లేదు.