కిరాయి కుదిరింది సరే, దారిలో కారుకు పూచీ ఎవరు?

ప్రశ్న: మాది కావలి. ఐదేళ్లు పుణెలో పనిచేసి, గత నెలలో కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక సంస్థలో చేరాను. నెల్లూరులో ఇల్లు తీసుకున్నాం. ఆఫీసుకు కంపెనీ బస్సు ఉంది. 2021లో కొన్న కారు ఇంకా పుణెలోని పాత అపార్టుమెంటులోనే ఉంది. లారీలో తెప్పించడానికి ఒక ఏజెంటు 14,500 రూపాయలు అన్నాడు, ఆఫీసు ఉన్న ట్రాన్స్‌పోర్టు కంపెనీ 23,000 అడిగింది. కారుకు బీమా ఎలాగూ ఉంది కాబట్టి తక్కువ చెప్పిన వారికే ఇద్దామనుకుంటున్నాను. పోయిన రెన్యువల్‌లో థర్డ్ పార్టీ మాత్రమే తీసుకోవడంతో 8,400 కూడా మిగిలింది. మకాం మార్పు ఖర్చులు పోను చేతిలో 11,000 ఉన్నాయి. ఫోను యాప్‌లో 40,000 అప్పు పది నిమిషాల్లో ఇస్తామంటున్నారు. నెలకు 7,500 చొప్పున ఆరు నెలలు కట్టాలి. జీతం 62,000. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 8,000 సిప్ కడుతున్నాను. కారు అప్పు ఇంకా 2.10 లక్షలు ఉంది. నేను, నా భార్య, నాలుగేళ్ల పాప. కొత్త కంపెనీలో ఆరోగ్య బీమా ప్రొబేషన్ తర్వాతే. అప్పు తీసుకోమంటారా, సిప్ ఆపమంటారా?

జవాబు: మీరు పంపిన పాలసీ కాగితం రెండుసార్లు చదివాను. మీ కారు ఎవరినైనా గుద్దితే వారికి పరిహారం ఇచ్చే పాలసీ అది. మీ కారుకే ఏదైనా అయితే దాని నుంచి రూపాయి రాదు. అయినా ‘బీమా ఎలాగూ ఉంది’ అని రాశారు. ఇదే మాట నా ఎదుట కూర్చొని ధీమాగా చెప్పినవారు చాలామంది ఉన్నారు. పాలసీ తెరిచి చూపించమనగానే నీళ్లు నములుతారు. వచ్చిన ఉత్తరాలలో మీదాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. అప్పు సంగతి తర్వాత చూద్దాం.

సమగ్ర పాలసీలో సొంత నష్టం భాగం తీసి చూడండి. అగ్నిప్రమాదం, దొంగతనం, తుపాను, వరద వంటివాటి వరుసలోనే మరో అంశం ఉంటుంది: రోడ్డు, రైలు, జలమార్గం, లిఫ్టు లేదా విమానం ద్వారా తరలిస్తున్నప్పుడు వాహనానికి జరిగే నష్టం. అంటే కారు లారీ మీద ఉన్నప్పుడు పనికొచ్చే రక్షణ మామూలు పాలసీలోనే ఉంది. సరిగ్గా ఆ భాగాన్నే మీరు 8,400 మిగులుతుందని వదులుకున్నారు. పైగా ఆ 8,400 నిజంగా మిగల్లేదు. నాలుగేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా లేనందుకు మీకు సొంత నష్టం ప్రీమియంలో 45 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, రావాలి. సొంత నష్టం పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఆ బోనస్ సున్నా అయిపోతుంది. మీకు దాటి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అదే రక్షణ కొనాలంటే 15,000 దాకా కావచ్చు. పోయిన తగ్గింపును మళ్లీ 20 శాతం దగ్గర నుంచి సంపాదించుకుంటూ రావాలి.

ఇప్పుడు ట్రాన్స్‌పోర్టు వాళ్ల పూచీ చూద్దాం. లారీలో పోయిన సరుకుకు లారీ కంపెనీ మొత్తం విలువ కట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007లో వచ్చింది, నిబంధనలు 2011లో వచ్చాయి. వాటి ప్రకారం, సరుకు విలువ ప్రకటించి ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే, మామూలుగా రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లతో ఆగిపోతుంది. లెక్క వేయండి. 14,500 కిరాయికి పది రెట్లు 1,45,000. మీ కారు విలువ పాత పాలసీలో 5.20 లక్షలని ఉంది. బేరమాడి కిరాయి తగ్గించుకున్న కొద్దీ మీకు రావలసిన పరిహారం కూడా తగ్గుతుందన్నమాట! లారీతో పాటు కారు కాలిపోతే, ఆ 1,45,000 కోసం తిరిగి తిరిగి తెచ్చుకున్నా మీ కారు అప్పులోనే ఇంకా 65,000 మిగిలిపోతుంది. కారు లేకుండా వాయిదాలు కట్టాలి.

ఆ ఏజెంటు ‘కిరాయిలోనే ఇన్సూరెన్స్ సార్’ అని ఉంటాడు. బిల్లులో బీమా అని ఒక వరుస రాసి రెండు మూడు వేలు వసూలు చేసినంత మాత్రాన అది బీమా కాదు. చాలా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో అది వాళ్లు తీసుకునే రిస్కు ఛార్జీ మాత్రమే. బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ కారు నంబరు, మీ పేరు ఉన్న పత్రం చేతికిస్తే అది ట్రాన్సిట్ బీమా. ఇవ్వకపోతే లేనట్టే. ఎల్ఆర్ (లారీ వాళ్లిచ్చే రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’, అంటే పూచీ యజమానిదే, అని చిన్న ముద్ర ఉందేమో కూడా చూడండి. ఆ ముద్ర మీద సంతకం పెట్టేసి తర్వాత మొత్తుకునేవారిని చూస్తే జాలి, కోపం రెండూ వస్తాయి నాకు.

మన జిల్లా సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవే మీద రాకపోకలు నిలిచిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రోజున మీ కారున్న లారీ ఏ పల్లపు యార్డులోనో నిలబడితే? ఇంకో చిక్కు కూడా ఉంది. పుణె నుంచి వచ్చే లారీ చాలాసార్లు హైదరాబాదులోనో చెన్నైలోనో కారును దించేస్తుంది. అక్కడి నుంచి నెల్లూరుకు ఎవరో డ్రైవరు నడుపుకొని తెస్తాడు. ఆ డ్రైవరు దారిలో డివైడరుకు రాస్తే మీ థర్డ్ పార్టీ పాలసీ మీకేమీ ఇవ్వదు. ఇంటి దాకా లారీలోనే తెస్తారా, మధ్యలో నడుపుతారా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఎక్కించేటప్పుడు మీటరు రీడింగు ఫొటో తీయించండి.

కాబట్టి కారు విషయంలో మొదటి పని సొంత నష్టం పాలసీ. థర్డ్ పార్టీ నడుస్తోంది కాబట్టి ఇది విడిగానూ దొరుకుతుంది. పాలసీ తెగిపోయింది కనుక కారును తనిఖీ చేసిన తర్వాతే ఇస్తారు. పుణెలో తాళం ఎవరి దగ్గర ఉందో వారితో ఫోనులో వీడియో తీయించి పంపితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కారు ఇప్పుడు నెల్లూరులో ఉంటుందని చెప్పే కొనండి. ఇదంతా లారీ ఎక్కకముందే జరగాలి. లారీ బయలుదేరాక ఫోను చేస్తే ఎవరూ ఇవ్వరు.

ఇక మీ యాప్ అప్పు. ‘నలభై వేలకు ఐదు వేలే వడ్డీ’ అని లెక్క వేసుకున్నట్టున్నారు. మీరే పంపిన ఫొటోలో ప్రాసెసింగ్ ఫీజు 4 శాతం, దాని మీద జీఎస్టీ అని ఉంది. అంటే 1,888 రూపాయలు ముందే కోసుకొని మీ ఖాతాలో వేసేది 38,112. మీరు తిరిగి కట్టేది 45,000. ప్రతి నెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి నిజమైన వడ్డీ నెలకు నూటికి దాదాపు ఐదు రూపాయలు, ఏడాదికి 60 శాతం! కావలి బజారులో ఎవరైనా మిమ్మల్ని నూటికి ఐదు రూపాయల వడ్డీ అడిగితే చెప్పులు వేసుకొని లేచి వచ్చేస్తారు. అదే వడ్డీ ఫోనులో రంగు బొమ్మలతో కనిపిస్తే వేలిముద్ర వేసేస్తారా? రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చేవారు సంతకానికి ముందే ఏడాదికి పడే మొత్తం భారాన్ని ఒకే అంకెలో చూపించాలి. ఆ అంకె చూడకుండా ‘ఆరు నెలలు కడితే చాలు’ అనే మాట ఇంకెప్పుడూ రాయకండి.

అసలు ఈ తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆఫీసుకు బస్సు ఉంది. కారు ఇంకో నెలన్నర పుణెలో ఉంటే కొంపలేమీ మునగవు, పాత పొరుగువారితో వారానికోసారి ఇంజను ఆన్ చేయించండి చాలు. ఈ నెల జీతంలో పాలసీ, వచ్చే నెల జీతంలో కిరాయి. సిప్ రెండు నెలలు ఆపండి, తప్పేమీ లేదు. కొత్త కంపెనీ మకాం ఖర్చులు ఇస్తుందేమో నోరు తెరిచి అడగండి. పాలసీ చేతికొచ్చాక స్నేహితుడితో కలిసి వెయ్యి కిలోమీటర్లు మీరే నడుపుకొని వచ్చినా నాకు అభ్యంతరం లేదు. మహారాష్ట్ర నంబరును పన్నెండు నెలలు దాటి ఇక్కడ నడపాలంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), దానికి ముందు మీ బ్యాంకు అంగీకారం కావాలి. ఆ పని మాత్రం మొదలుపెట్టండి.

ఆ 14,500 ఏజెంటును మరచిపోండి. తక్కువ ధర చెప్పి, అడ్వాన్సు సొంత ఫోను నంబరుకు వేయించుకొని, కారు లారీ ఎక్కాక ఇంకో పదివేలు ఇస్తేనే దించుతామనడం ఈ వ్యాపారంలో పాత మోసం. రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు, కంపెనీ పేరు మీద ఖాతా లేని చోట రూపాయి కూడా వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే, అవతలి ఫోను మూగబోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

కారు గురించి ఇంత చెప్పాను కానీ, మీ ఉత్తరంలో నాకు ఇంతకన్నా ఎక్కువ భయం కలిగించింది చివర్లో ఉన్న ప్రొబేషన్ మాట. పాత కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా మామూలుగా చివరి పనిదినంతోనే పోతుంది. కొత్తది ఇంకా రాలేదు. అంటే ఈ రోజు మీ ముగ్గురిలో ఎవరికి ఆసుపత్రి అవసరం పడినా దిక్కు ఆ 11,000 రూపాయలే! కుటుంబానికి సొంతంగా 10 లక్షల పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు కాబట్టి, కారు పాలసీ కన్నా ముందు దీనికే డబ్బు కట్టండి. అందువల్ల కారు ఇంకో నెల ఆలస్యమైతే కానివ్వండి. కంపెనీ పాలసీ వచ్చాక కూడా దీన్ని తీసేయవద్దు. ఉద్యోగం మారగానే ఏమవుతుందో ఇప్పుడు చూస్తూనే ఉన్నారు.

చివరగా కారు దిగే రోజు. పుణెలో ఎక్కించేటప్పుడు నాలుగు వైపులా తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ట్యాంకులో నాలుగైదు లీటర్లకు మించి ఉంచవద్దు, డిక్కీలో సామాను వేయవద్దు, ఫాస్టాగ్ తీసి దాచండి. రాత్రి పదకొండింటికి వచ్చి ‘సంతకం పెట్టండి సార్, లారీ వెళ్లాలి’ అంటారు. వెలుతురు ఉన్న చోటికి తీయించి చుట్టూ చూసుకున్నాకే పెట్టండి. గీత కనిపించినా, అద్దం పగిలినా ఎల్ఆర్ మీద అక్కడికక్కడే రాసి, ఫొటో తీసి, ఆ రాతిరే బీమా కంపెనీకి తెలపండి. ట్రాన్స్‌పోర్టు వారికి నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా వెళ్లాలి, లేకపోతే వారి మీద దావా నిలవదు.