ఆడిన ఆట గురించి రాసేటప్పుడు

హన్మకొండ

అల్లుడూ,

నువ్వు పంపిన కాగితం చదివాను. సెలవుల్లో ఆడిన గేములన్నిటికీ మార్కులు వేశావు. ఎందుకు వేశావని ఫోన్‌లో అడిగితే, "గ్రాఫిక్స్ బాగున్నాయి మామా" అన్నావు. ఆ మాట ట్రైలర్ చూసినవాడైనా చెప్తాడు. నువ్వు రాత్రి రెండింటిదాకా కూర్చుని ఆడినవాడివి.

ముందు మార్కులు మానెయ్. ఆట ఆపగానే, పడుకునే ముందు నాలుగు లైన్లు రాసుకో. ఎక్కడ ఆపావు, ఎందుకు ఆపావు, చెయ్యి ఎక్కడ వణికింది. తెల్లారేసరికి కథ గుర్తుంటుంది గానీ ఇవి పోతాయి.

‘సెలెస్ట్’కి 9 వేశావు. 2018లో వచ్చిన ఆ గేమ్‌లో నాకు మిగిలింది ఒక్క ఘట్టం. కొండెక్కడానికి బయల్దేరిన మాడలిన్ అనే పిల్ల ఎక్కిన కేబుల్ కారు మధ్యలో ఆగిపోతుంది. చీకటి కమ్ముకొస్తుంది, ఆ పిల్లకు ఊపిరాడదు. పక్కనున్న థియో, ఒక ఈకను ఊహించుకుని ఊపిరితో తేలించమంటాడు. అప్పటిదాకా గబగబా నొక్కిన వేళ్లు అక్కడ ఊపిరి లెక్కన మెల్లగా కదలాలి. పోయినేడు మీ అత్తమ్మకు ఆపరేషన్ అయిన పొద్దున, థియేటర్ బయట కుర్చీలో టెన్షన్‌తో గుండె దడదడలాడుతుంటే, నేను కళ్లు మూసుకుని ఆ ఈకనే తేలించాను. నీకూ ఇలాంటిది ఏదో ఉండే ఉంటుంది. అది రాయి బిడ్డా.

ఆ గేమ్‌ని, ఆట సులువు చేసే అసిస్ట్ మోడ్‌లో వేగం 80 శాతానికి తగ్గించి ఆడాను నేను. నువ్వూ ఏం పెట్టుకుని ఆడావో దాచకు. అది చెప్పకుండా కష్టంగా ఉంది, సులువుగా ఉంది అంటే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

ఓడిన కోపంలో మాత్రం తీర్పు రాయొద్దు. ‘హాలో నైట్’ విషయంలో నేను ఆ తప్పు చేశాను. అందులో చచ్చిపోతే కూడబెట్టిన జియో, అంటే ఆ గేమ్‌లోని డబ్బు, అంతా పోతుంది. చచ్చిన చోట మన నీడే కాచుకుని ఉంటుంది. దాన్ని కొట్టేలోపు మళ్లీ చస్తే ఇక ఆ సొమ్ము రాదు. అలా రెండుసార్లు పోగొట్టుకుని, దండగ గేమ్ అని పక్కింటి అబ్బాయికి చెప్పాను. వాడు కొనడం మానేశాడు. వారం తర్వాత మళ్లీ పెట్టాను. దారి తప్పి తిరుగుతుంటే నేల మీద కాగితాలు, ఎక్కడో కూనిరాగం. మ్యాపులు అమ్మే కార్నిఫర్! చీకట్లో ఊరి మనిషి కనబడ్డట్టు ప్రాణం లేచొచ్చింది. పోయి ఆ అబ్బాయికి నా మాట తప్పని చెప్పొచ్చాను.

‘రాజీ’కి 6 వేసినందుకు గొడవ లేదు. ఫైటింగ్‌లో నాకూ చిరాకేసింది. కానీ పుణెవాళ్లు 2020లో తెచ్చిన ఆ గేమ్‌లో మధ్యమధ్య కథ తోలుబొమ్మలాటలా నడుస్తుంది. ఖిలా వరంగల్ తోరణాల కింద ఆడుకుంటూ పెరిగినవాడివి, రాజస్థాన్ కోటల పోలికతో గీసిన ఆ మేడల్లో పరుగెత్తుతుంటే నీకేమనిపించింది? ఒక్క ముక్క కూడా లేదు కాగితంలో.

దసరాకు వచ్చేటప్పుడు నోటుబుక్కు తీసుకురా. కంట్రోలర్ ఎడమ స్టిక్ దానంతటదే పక్కకు జరుగుతుందన్నావు కదా, అదీ తీసుకురా, ఇద్దరం విప్పి చూద్దాం.

మీ మామ