చీటీ సంగతి తర్వాత, ముందు జేబులున్న గోళీలు చూపియ్యండి

"వయసు 45, షుగర్ ఉంది. వయాగ్రా లాంటి గోళీ ఎట్ల పనిచేస్తది? డాక్టర్ చీటీ లేకుండ వేసుకుంటే ఏమన్న అయితదా?" అని అడిగిండ్రు. దేవరకొండ దిక్కు మెడికల్ షాపు నడిపేటోణ్ణి. ఈ గోళీ సంగతి నా గల్లాపెట్టెకు తెలిసినంత డాక్టర్లకు తెల్వదు. ఆడికి పొయ్యి ఎవ్వరు నోరు తెరువరు గదా.

పేరు పెట్టి అడిగేటోళ్లు తక్కువ. ముందు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అడుగుతరు, తర్వాత నొప్పుల బామ్, ఆ తర్వాత పక్కన గిరాకీ పోయేదాంక అద్దాల బీరువల సబ్బులు లెక్కపెడుతరు. సొంతూర్ల షాపుకు పోరు, తెలిసినోళ్లు చూస్తరని బస్సెక్కి పక్క టౌన్‌కొస్తరు.

అట్లనే ఒకాయన వచ్చిండు, డిండి అవతలి మనిషి. అరవై దాటి ఉంటయ్. బామ్ కొన్నడు, బిల్లు కట్టిండు, కదల్తలేడు. అందరు పోయినంక, "మా దోస్తుకు ఒక గోళీ కావాలె" అన్నడు.

"కాకా, మీ దోస్తు వేరే మందులేమన్న వాడుతడా?"

"ఏమో, గుండెకు ఏవో వాడుతడు."

అంటనే చెయ్యి అంగీ జేబు మీదికి పోయింది. "అవేనా, చూపియ్యండి" అన్న. ప్లాస్టిక్ కవర్ల మూడు స్ట్రిప్పుల ముక్కలు. ఒకటి ఆస్పిరిన్. ఇంకోటి కత్తెరతోటి సగానికి కోసింది, 'మోనోనైట్రే' అన్నదాంకనే ఉన్నది. మూడోది నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్. ఈ రెండూ నైట్రేట్లే, గుండె నొప్పి మందులు. దోస్తు ఎవరో ఇద్దరికీ సమజైంది.

ఇయ్యనన్న. "ఊకెనే అడుగుతున్ననా? పైసలిస్త గద. పక్క షాపుల ఇస్తరు" అని లేచిండు. ఇస్తరు, అది నిజమే. ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండ అమ్మొద్దని డబ్బా మీదనే రాసి ఉంటది. అది చదివేటోడెవడు? నేను బామ్ బిల్లు వెనక "నైట్రేట్ తోటి ఇది కలిస్తే బీపీ ఒక్కసారే పడిపోతది, ప్రాణానికే మోసం" అని రాసి, గుండె డాక్టర్‌కు చూపియ్యమన్న. గుర్రుగ చూసిండు గని, మడిచి అదే జేబుల పెట్టుకున్నడు. తర్వాత ఒకసారి కలిసిండు. సారు తిట్టలేదట, నవ్వలేదట. ఈ గోళీ మీకు కుదరదు, వాక్యూమ్ పంపు లాంటి వేరే దార్లున్నయ్ అని యూరాలజీ డాక్టర్ దగ్గరికి పంపిండట. అంతమాత్రం మాట అడగనీకే మనోళ్లకు ఏండ్లు పడుతయ్.

ఎందుకట్ల అంటే చెప్త. కోరిక పుట్టినప్పుడు అంగం నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తది. దాంతోటి సీజీఎంపీ అనే పదార్థం పెరిగి రక్తనాళాలు వదులై రక్తం నిండుతది. పీడీఈ5 అనే ఎంజైము ఆ సీజీఎంపీని ఎప్పటికప్పుడు విరగ్గొడుతది. గోళీ ఆ ఎంజైమును ఆపుతది, అంతే. చెరువుల నీళ్లు లేకుంటే తూము తెరిచి పెట్టినా లాభం లేనట్టు, కోరిక లేనిది గోళీ ఏం చెయ్యదు. గుండె నొప్పికిచ్చే నైట్రేట్లు కూడ అదే నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతయ్. రెండూ కలిస్తే ఒళ్లంత రక్తనాళాలు వదులైతయ్, బీపీ పడిపోతది. అసలు వయాగ్రాల ఉండే మందు సిల్డెనాఫిల్‌ను ఫైజర్ కంపెనీ గుండె నొప్పికనే పరీక్షించింది. ఈ గుణం బయటపడ్డంక 1998ల అమెరికాల వయాగ్రా పేరుతోటి అనుమతొచ్చింది. అందుకే కొందరు "గుండెకు మంచిదే గదా" అని నాకే చెప్పొస్తరు!

ఊర్లల్ల ఇంకో భయముంది. అర్ధరాత్రి ఛాతీల నొప్పంటే ఆర్ఎంపీ చేసే మొదటి పని నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుడు. పెండ్లాం పిల్లల ముందట సిగ్గుపడి గోళీ మింగిన సంగతి దాచిండ్రనుకో, అయిపాయె. సిల్డెనాఫిల్ వేసుకుంటే 24 గంటలు, అదే జాతి ఇంకో గోళీ టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ జోలికి పోవద్దు. 108లొచ్చినోళ్లకైనా ఎప్పుడేసుకున్నరో చెప్పాలె. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడేటోళ్లు కూడ ముందే చెప్పాలె, లేకుంటే కండ్లు తిరిగి పడతరు.

ఇగ రోడ్డు పక్క టెంట్ల అమ్మే పొడులు. "మూలికలు, సైడెఫెక్ట్ లేదు" అంటరు. ఇసొంటి మూలికల సరుకుల సిల్డెనాఫిల్ కలిపి అమ్ముతున్నరని అమెరికాల మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ సంస్థ ఎన్నోసార్లు పట్టుకున్నది. ఎంత కలిపిండ్రో కలిపినోడికే తెల్వదు. నా గోళీకి చీటీ అడుగుతరు గని, ఆ టెంటును అడిగేటోడు లేడు.

మీ సంగతికొస్తే, షుగర్ ఉందన్నరు కాబట్టి ముందు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, గుండె చూపించుకోండి. అంగం రక్తనాళాలు గుండె నాళాల కన్న సన్నం, పూడుక వస్తే ముందుగాల ఆడనే తెలుస్తది. డాక్టర్ సరే అంటే మామూలుగ 50 ఎంజీ, గంట ముందు, రోజుకు ఒక్కటే. మటన్ దావత్ తిని వేసుకుంటే ఆలస్యమైతది. షుగర్ ఉన్నోళ్లకు కొందరికి తక్కువ పనిచేస్తది, అట్లని రెండోది మింగొద్దు. తలనొప్పి, ముఖం ఎర్రబడుడు, ముక్కు బిగుసుకునుడు మామూలే. చూపు సడెన్‌గ మసకబారినా, గట్టిదనం నాలుగు గంటలైనా దిగకపోయినా తెల్లారేదాంక ఆగకుండ దవాఖానకు పోవాలె.