కాల్ బటన్ పెట్టబోతున్న మేనల్లుడికి

మారతహళ్లి, బెంగళూరు

చిన్నా,

మీ క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో, బ్రౌజర్ నుంచే పేషెంట్లకు ఫోన్ చేసే కాల్ బటన్ పెట్టే పని నీ మీద పడిందని అక్క చెప్పింది. సిప్ సర్వర్‌తో మాట్లాడే జేఎస్‌సిప్ అనే కోడ్ లైబ్రరీ వాడాలా, కాల్ సేవ అమ్మే ట్విలియో కంపెనీ లైబ్రరీ వాడాలా అని టెన్షన్ పడుతున్నావట. సిప్ సర్వర్ని, అంటే కాల్స్ కలిపే సర్వర్ని, చూసుకునే మనిషి మీ ఆఫీసులో ఉంటే మొదటిది, లేకపోతే రెండోది. ఏది పట్టుకున్నా గొంతు మోసేది బ్రౌజర్‌లో ముందే ఉండే వెబ్‌ఆర్‌టీసీ అనే ఏర్పాటే.

అసలు తలనొప్పి వేరే ఉంది. కాల్ కలుస్తుంది, స్క్రీన్ మీద సెకన్లు నడుస్తుంటాయి, మాట మాత్రం వినపడదు. కాల్ కలిపే సందేశాలు వెబ్‌సాకెట్‌లో (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచి ఉంచే లైన్లో) వెళ్తాయి, గొంతు మామూలుగా యూడీపీ అనే వేరే దారిలో వెళ్తుంది. క్లినిక్ ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తే అంతే సంగతులు. సొంత సర్వరైతే గొంతును మధ్యలో ఉండి దాటించే కోటర్న్ అనే రిలే సర్వర్ పెట్టుకో, ఉచితమే. టీఎల్‌ఎస్ గుప్తీకరణతో, వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీద నడిపితే చాలా ఫైర్‌వాల్‌లు అడ్డుపడవు. ట్విలియో అయితే ఏ పోర్టులు తెరవాలో క్లినిక్ నెట్‌వర్క్ చూసేవాళ్లకు ముందే రాసి పంపు. మాట వినపడనప్పుడు క్రోమ్‌లో కాల్ లోపలి లెక్కలు చూపే వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీ తెరువు. అవతలి నుంచి ప్యాకెట్లు రాకపోతే ముందు నెట్‌వర్క్‌ని అనుమానించు. వస్తున్నా వినపడకపోతే స్పీకరో, నీ కోడో. ఇది చూడకుండా రాత్రంతా కోడ్ తిరగరాసేవాళ్లను ఈ ఊళ్లో చాలామందిని చూశాను.

మైకు హెచ్‌టీటీపీఎస్ మీదే దొరుకుతుంది. నీ లాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ (అదే కంప్యూటర్ చిరునామా) కాబట్టి బ్రౌజర్ మినహాయింపు ఇచ్చి పనిచేస్తుంది, పక్క సీటువాడు నీ ఐపీ కొట్టి తెరిస్తే పనిచేయదు. పేజీ తెరవగానే మైకు అడగకు. భయపడి బ్లాక్ నొక్కేస్తారు, తర్వాత బ్రౌజర్ మళ్లీ అడగదు. బటన్ నొక్కినప్పుడే అడుగు.

ఖాతా రహస్య కీ బ్రౌజర్ కోడ్‌లో పెట్టావంటే మీ డబ్బుతో ఎవడో విదేశాలకు ఫోన్లు చేసుకుంటాడు. లాగినైనవాళ్లకే సర్వర్ నుంచి టోకెన్, అంటే కొంతసేపే పనిచేసే పాస్, ఇవ్వు. ట్విలియో టోకెన్ గడువు మామూలుగా గంట. రిసెప్షన్ అమ్మాయి పొద్దున తెరిచిన ట్యాబ్ సాయంత్రం దాకా మూయదు కదా, గడువు దగ్గరపడగానే కొత్తది ఇచ్చే ఏర్పాటు చెయ్యి. పేషెంట్లంతా ఇక్కడివాళ్లే అయితే +91 తప్ప మిగతా దేశాలకు కాల్స్ మూసెయ్.

సిమ్ బాక్సులతో (బోలెడు సిమ్ కార్డులు పెట్టి కాల్స్ మళ్లించే పెట్టెలతో) చవకగా అవుతుందని ఎవరైనా అంటే వినకు, అది నేరం. మామూలు ఫోన్లకు కలపడం లైసెన్సున్న ఆపరేటర్ ద్వారానే జరగాలి.

రిసెప్షన్‌కి మంచి హెడ్‌సెట్ కొనమని మీ మేనేజర్‌కి ఇప్పుడే చెప్పు. లాప్‌టాప్ స్పీకర్లో పేషెంటు రోగం హాలంతా వినపడితే ఆ ఫిర్యాదు కూడా నీకే వస్తుంది.

మీ మామయ్య