సూర్యుడు యాడుండాడో ముందు చెప్పు

రమణా,

నీ అంతరిక్షం గేమ్ కథ రెండుసార్లు చదివినా, రెండోసారి ప్రింట్ తీయించుకుని మరీ. ఆ మెకానిక్ పిల్ల మాటలు శానా బాగుండాయి, కర్నూలు బస్టాండులో పక్క బెంచీ మీద కూర్చుని విన్నట్టే ఉండాది. కానీ సీన్ వివరణ వచ్చేసరికి ఎక్కడ చూసినా "కటిక చీకటి" అని రాసి వదిలేసినావు, పదకొండు సార్లు (లెక్కబెట్టినాలే, పని లేక కాదు). నీ ఓడ తిరిగేది భూమి చుట్టూనే గదా, మరి అంత చీకటి యాడ్నుంచి వచ్చెరా?

అక్కడ ఎండ మన అనంతపురం ఎండ కంటే ఎక్కువే, చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. ఇక్కడైతే గాలి ఆ వెలుతుర్ని చెదరగొట్టి నలుదిక్కులా పంచుతుంది కాబట్టి వేపచెట్టు నీడలో కూడా పేపరు చదువుకుంటాం, అక్కడ గాలే లేదు, అందుకే ఓడకు ఎండ తగిలే పక్క కళ్ళు మూసుకునేంత తెలుపు, నీడ పక్క నలుపు. ఆ నలుపు కూడా మళ్ళీ పూర్తి నలుపు కాదు, కింద భూమికి పగలైతే దాని వెలుతురు ఓడ అడుగున నీలంగా పడతాది. తక్కువ ఎత్తు కక్ష్యలో సుమారు 90 నిమిషాలకో చుట్టు, అందులో 35 నిమిషాల దాకా భూమి నీడలో పోతావు. నీకు చీకటి కావాలంటే అక్కడ పెట్టుకో, టైమర్ లాగా కూడా పనికొస్తాది, ఆ పిల్ల యాంటెన్నా బిగించే లోపల వెలుగు పోవాల.

ఇంకోటి, మండే సూర్యుణ్ణీ లక్ష చుక్కల్నీ ఒకే కిటికీలో చూపించినావు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బయట్నుంచి ఇంట్లోకి వస్తే ఏమైతాది? కాసేపు కుండ కూడా కనిపించదు, కాలికి చెంబు తగుల్తాది, నిమిషం పోయినాక గానీ గోడ మీది క్యాలెండర్ తేలదు. ఇల్లు చీకటి కాదు, మన కన్ను ఎండకు సెట్ అయి ఉండాది, అంతే. అపోలో వాళ్ళు చంద్రుడి మీద ఎండలో తీసిన ఫొటోల్లో చుక్కలు లేకపోవడానికి కారణం ఇదే, కెమెరాను ఎండకు వెలిగే నేలకు సెట్ చేసినారు. ఆ పిల్లను సూర్యుడి వైపు వీపు పెట్టి, ఓడ నీడలోకి జరిగి కాసేపు ఆగమను, అప్పుడు ఒక్కొక్క చుక్కే రానీ.

టార్చి వెలుగు కర్రలాగా సాగిందని రాసినావే, అది మన పొలాల్లో రాత్రిపూట శెనక్కాయ మిషను ఆడించేటప్పుడు ట్రాక్టరు లైటు ముందర కనిపించేది, దుమ్ము వల్ల. శూన్యంలో దారి కనిపించదు, ఎదురుగా ఇనుము మీద ఒక గుండ్రటి మచ్చ ఉన్నట్టుండి పడతాది, అంతే. నాకైతే అదే ఎక్కువ భయంగా ఉండాది.

ప్లూటోను పాడుబడ్డ బావి చేసేసినావు. అక్కడికి చేరే ఎండ మనకొచ్చే దాంట్లో సగటున సుమారు 1500వ వంతే గానీ పున్నమి వెన్నెల కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ, ఇక్కడ పొద్దు మునిగిన కాసేపటికి ఉండే వెలుతురంత. ఉత్తరం చదువుకోవచ్చబ్బా అక్కడ.

ఇదంతా నీకేదో తెలీదని చెప్పడం కాదు, నేనూ పడినా. ఒకప్పుడు బెలుం గుహల మీద కథ రాసి, చీకట్లో వాడు ఆమె కళ్ళల్లోకి చూసినాడని పెడితే కొలిమిగుండ్ల నుంచి ఒకాయన కార్డు రాసినాడు, లైట్లు ఆపితే అక్కడ సొంత చెయ్యే కనిపించదు సార్, కళ్ళు ఎట్ల కనిపించె అని. పోయి నిలబడి చూసినా. ఎంతసేపున్నా ఏమీ కనిపించదు, కన్ను చీకటికి అలవాటు పడినా చూసేదానికి చిటికెడు వెలుగన్నా ఉండాల గదా.

నిజంగా ఏమీ కనిపించని చోట ఆట ఆడేదెట్ల అంటావు. ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్షం గేమ్‌లో గ్రహాల రాత్రి పక్క మరీ నల్లగా ఉంటే 2018లో నైట్ విజన్ ఇచ్చినారు. నాకు అది నచ్చింది, యాడ్నుంచో తెలీని వెలుగు పూసే బదులు ఆడేవాడి చేతికి ఒక స్విచ్ ఇచ్చినారు.

నాలుగో సీన్ ఒక్కటే తిరగరాసి తీసుకురా. ఆదివారం రా, రెండింటికే రా, ఎండని సాయంత్రానికి వాయిదా వేయొద్దు. తలుపు తీసే ఉంటాది, గడప కాడ చెంబు చూసుకో.