క్లబ్ యజమానిని నిలదీయడం ఎట్లా? ఫుట్‌బాల్ అభిమానుల ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్ జట్టు ఢిల్లీకి తరలిపోయినప్పటి నుంచి క్లబ్ యజమానుల మీద, మేనేజ్‌మెంట్ మీద ఓరుగల్లు మొదలు మంచిర్యాల దాకా చాలామంది ఉత్తరాలు రాశారు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు: 2022ల కప్పు గెలిచిన జట్టు మూడేండ్లల్ల ఊరే విడిచిపోయింది. బస్సులు మారి గచ్చిబౌలి దాకా పోయి చూసినోళ్లం. ముందుగాల్నే పసిగట్టి అడ్డుకునే తొవ్వ ఏమన్న ఉండెనా?

పసిగట్టే తొవ్వ ఉంది. అడ్డుకునేది మాత్రం చాలా ఇరుకు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) క్లబ్ అంటే చట్టం దృష్టిలో ఒక కంపెనీ. ఊరు పేరు జెర్సీ మీద ఉంటుంది, ఓటు వాటాదారుల చేతిలో ఉంటుంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది కూడా పుణె సిటీ జట్టు స్థానంలోనే. వచ్చిన తొవ్వనే 2025లో పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అప్పట్లో పుణె అభిమానుల గోడు మనకు పెద్దగా వినబడలేదు, ఆ సంగతి వేరు.

జట్టు ఆట బాగున్నప్పుడు ఎవరూ లెక్కలు చూడరు, చిక్కంతా అక్కడే. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటవుట్‌లో ఓడించిన జట్టు 2023-24 సీజన్‌కు వచ్చేసరికి జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధాలు, సీజన్ నడుమ ఆటగాళ్ల వలస దాకా పోయింది. ఇలాంటిది ముందుగా కనబడే చోట్లు రెండు. ఒకటి, ఫిఫా తన వెబ్‌సైట్‌లో పెట్టే రిజిస్ట్రేషన్ నిషేధాల జాబితా. పాత ఆటగాడికో కోచ్‌కో పైసలు ఎగ్గొట్టిన క్లబ్ పేరు అక్కడికి ఎక్కుతుంది. రెండు, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్. ఒక కంపెనీ కాగితాలు చూడటానికి రుసుము 100 రూపాయలు, తెరిచాక మూడు గంటలే టైం. కాబట్టి కనబడ్డవన్నీ ముందు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, చదవడం తర్వాత. ఏఓసీ-4 అనే ఫారంలో లాభనష్టాలు, ఎంజీటీ-7 ఫారంలో వాటాదారుల వివరాలు ఉంటాయి. ఏ ఆస్తి మీద ఎంత అప్పు తెచ్చారో 'ఛార్జెస్' జాబితా చెబుతుంది. అయితే మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు అక్టోబరు చివరికి గాని అక్కడికి చేరవు. అంటే మీరు చూసేది ఎప్పుడూ పాత ముచ్చటే. నిషేధాల జాబితా అంతకంటే తాజాగా ఉంటుంది.

ఇక అడ్డుకోవడం. క్లబ్ ఊరు మారాలంటే ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలి. లీగ్, ఫెడరేషన్, లైసెన్సింగ్ కమిటీ ఎవరైనా కావచ్చు. యజమాని ఇంటి ముందు లొల్లి కంటే వాళ్ల ముందు పెట్టే రాతపూర్వక అభ్యంతరానికే బరువెక్కువ. అప్పుడు కూడా గెలుస్తారన్న హామీ లేదు. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్ విషయంలో అభిమానులు గట్టిగానే కొట్లాడారు, అయినా 2002లో ఫుట్‌బాల్ సంఘం వేసిన కమిషన్ అనుమతి ఇచ్చింది, మరుసటి ఏడు క్లబ్ మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి పోయింది. అదే 2002లో అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని, కింది స్థాయి లీగ్ నుంచి తొమ్మిదేండ్లలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు ఎక్కించారు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. ఇరవై ఏండ్లుగా మావోళ్లు 'గ్లేజర్స్ ఔట్' అని మొత్తుకుంటున్నరు, వాళ్లు కదల్లేదు. లివర్‌పూల్‌వాళ్లు మాత్రం నాలుగు రోజుల్లనే గెలిచిన్రట. మా నిరసనల ఏం తక్కువ?

తక్కువేం లేదు, అడిగిందే చాలా ఎక్కువ. 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్‌ను కొన్నది చాలావరకు అప్పుతో, ఆ అప్పును తిరిగి క్లబ్ మీదనే మోపింది. 2010లో పచ్చ-పసుపు స్కార్ఫులు వచ్చాయి. అవి క్లబ్ తొలినాటి న్యూటన్ హీత్ రంగులు. చూడ్డానికి గొప్పగా ఉన్నా, ఆ స్కార్ఫు వేసుకున్నాయన కూడా టికెట్ కొనే లోపలికి వచ్చాడు. 2021 మే 2న మైదానంలోకి చొచ్చుకుపోయి లివర్‌పూల్‌తో మ్యాచ్‌ను వాయిదా వేయించారు. అది సూపర్ లీగ్ మీది కోపం, అంటే యూరప్ పెద్ద క్లబ్బులు తమకోసం విడిగా పెట్టుకోబోయిన లీగ్ మీద. ఆ లీగ్‌ను ఏప్రిల్ 18న ప్రకటిస్తే రెండు మూడు రోజుల్లోనే కూలింది. 2024లో బ్రిటన్ వ్యాపారి జిమ్ ర్యాట్‌క్లిఫ్ నాలుగో వంతుకు పైగా వాటా కొన్నా అధిక ఓట్లు ఆ కుటుంబం దగ్గరే ఉన్నాయి. 'క్లబ్ అమ్మి పోండి' అన్న డిమాండ్‌కు యజమాని ఒప్పుకోవాలంటే తను అడిగినంత ధర పెట్టేవాడు ముందు దొరకాలి. అది అభిమానుల చేతిలో ఉండే పని కాదు.

లివర్‌పూల్‌వాళ్లు అడిగింది ఒక్క అంకె. కొత్త స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లు అనగానే 2016 ఫిబ్రవరి 6న సండర్‌ల్యాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి దాదాపు పదివేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0 ఆధిక్యం, చివరికి 2-2. టీవీ కెమెరాకు ఖాళీ కుర్చీలు, స్కోరు రెండూ ఒకేసారి దొరికాయి. నాలుగు రోజుల్లో ధర వెనక్కి పోయింది. యజమానికి కూడా అది చేతిలో పని, పరువు పోకుండా దిగిరాగల పని.

జర్మనీవాళ్లు ఇంకా తెలివిగా కొట్టారు. టీవీ హక్కుల ఆదాయంలో 8 శాతాన్ని 20 ఏండ్లకు ఇన్వెస్టర్‌కు అమ్ముతామని 2023 డిసెంబరులో లీగ్ తీర్మానిస్తే, మైదానంలోకి టెన్నిస్ బంతులు, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలు విసిరారు. బంతి తగిలినా ఎవరికీ దెబ్బ కాదు, కానీ నలుదిక్కులా దొర్లుతుంది. అన్నీ ఏరేదాకా రెఫరీ ఆట మొదలుపెట్టలేడు, ప్రసారం టైం తప్పుతుంది. అమ్ముతున్న సరుకు టీవీ ప్రసారమైతే దెబ్బ సరిగ్గా దాని మీదే పడింది. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఒప్పందాన్ని వదిలేసింది. దీన్ని ఇక్కడ అనుకరించకండి. మన దగ్గర మైదానంలోకి ఏది విసిరినా జరిమానా క్లబ్‌కు, కేసు మీకు.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ మోహన్ బగాన్. 2020లో ఏటీకే అనే క్లబ్‌తో విలీనం తర్వాత తమ పేరు ముందు చేరిన 'ఏటీకే' తీసేయాలన్న ఒక్క మాట మీదే అభిమానులు నిలబడ్డారు. 2023 జూన్ నుంచి ఆ మూడక్షరాలు పోయాయి.

మంచిర్యాల నుంచి ఒక పాఠకురాలు: మ్యాచులకు పోవుడు బంద్ చేస్తే యజమాని దిగొస్తడా? పాపం, ఆడే పిల్లలకు నష్టం కాదా?

టికెట్ల మీద బతికే క్లబ్ అయితే కొంత పని చేస్తుంది, స్పాన్సర్, టీవీ పైసల మీద నడిచేదైతే చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ అభిమానులు ఓయ్‌స్టన్ కుటుంబం మీద ఏండ్ల తరబడి మైదానం బహిష్కరించారు. అయితే ఆ కుటుంబాన్ని చివరికి కదిలించింది ఖాళీ కుర్చీలు కాదు. మైనారిటీ వాటాదారు వేసిన కేసులో 2017లో కోర్టు 3 కోట్ల 10 లక్షల పౌండ్లకు పైగా కట్టమన్నది, కట్టకపోయేసరికి 2019 ఫిబ్రవరిలో క్లబ్‌ను చేతిలోకి తీసుకోవడానికి కోర్టు నియమించిన రిసీవర్ వచ్చాడు. మార్చి 9న స్టేడియం మళ్లీ నిండింది. బహిష్కరణ చేసేటట్లుంటే ఎన్ని మ్యాచులకో, ఏం జరిగితే తిరిగొస్తారో ముందే రాసి ప్రకటించండి. గడువు లేకుంటే మూడో మ్యాచ్‌కే సగం మంది తిరిగొచ్చేస్తారు. పిల్లల సంగతికి వస్తే, ప్రాక్టీసుకు వెళ్లి చప్పట్లు కొట్టండి, దానికి టికెట్ ఉండదు.

కాజీపేట నుంచి ఒక పాఠకుడు: మా లోకల్ క్లబ్బుల ఒక్కాయననే ఏండ్లకేండ్లు సెక్రటరీ. మీటింగు లేదు, లెక్క లేదు. పిల్లల దగ్గర ఫీజు, టోర్నమెంటుకు చందా, అన్నీ వసూల్ చేస్తడు. అడిగితే 'నీకెందుకు?' అంటడు. ఏం జెయ్యాలె?

ఈ ప్రశ్నకు పొడుగు జవాబే కావాలి, ఎందుకంటే ఇందులో మీకున్న హక్కు మాంచెస్టర్ అభిమానికి కూడా లేదు.

ముందు క్లబ్ నమోదైందా, ఏ పేరుతో అయిందో తెలుసుకోండి. జెర్సీ మీది పేరు, రిజిస్టర్‌లోని పేరు చాలాసార్లు వేరు. లెటర్‌హెడ్ మీదో రసీదు మీదో రిజిస్ట్రేషన్ నంబర్, సంవత్సరం ఉంటాయి. అది పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో సొసైటీల విభాగానికి వెళ్లండి. మూడు కాగితాలకు సర్టిఫైడ్ కాపీలు అడగాలి: బైలా, ఆఖరుసారి దాఖలు చేసిన కార్యవర్గ జాబితా, ఆఖరుసారి దాఖలు చేసిన ఆడిట్ లెక్క. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కార్యవర్గ జాబితా రిజిస్ట్రార్‌కు చేరాలి. జాబితా ఏండ్ల కింద ఆగిపోయి ఉంటే మీ చేతికి మొదటి ఆధారం దొరికినట్లే.

రెండో పని, మీరు సభ్యులేనా అన్నది తేల్చుకోవడం. ఎక్కువ మంది తప్పుబోయేది ఇక్కడే. నెల నెలా కోచింగ్ ఫీజు కడితే సభ్యులు కారు. సభ్యత్వ రుసుము కట్టిన రసీదు, సభ్యుల రిజిస్టర్‌లో పేరు, రెండూ కావాలి. పేరు లేకుంటే ముందు సభ్యత్వానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోండి. తిరస్కరిస్తే ఆ తిరస్కరణ కూడా కాగితం మీదే తీసుకోండి. ఆ తర్వాత బైలాలో చెప్పినంత మంది సభ్యుల సంతకాలతో ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరుతూ సెక్రటరీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకోండి. వాట్సాప్ మెసేజ్ మీద ఆధారపడకండి, 'నేను చూడలే' అంటే అక్కడికే ఆగిపోతుంది. నోటీసులో తిట్లు, అనుమానాలు వద్దు. 'ఫలానా రెండు ఆర్థిక సంవత్సరాల జమాఖర్చు, బ్యాంకు స్టేట్‌మెంట్, రసీదు పుస్తకాలు సభ ముందు పెట్టాలి' అని ఒక్క వాక్యం చాలు.

అప్పటికీ కదలకుంటే అదే చట్టంలోని సెక్షన్ 23 ఉంది. సభ్యుడు ఎవరైనా ఆర్బిట్రేషన్‌కు పోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. సభ్యత్వ రసీదు గురించి అంతగా చెప్పింది ఇందుకే, అది లేనివాళ్లకు ఈ తలుపు తెరుచుకోదు.

పక్కదారి ఒకటుంది. క్లబ్ వాడుకునే మైదానం సర్కారుదైతే జిల్లా యువజన, క్రీడల అధికారి కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఏ తేదీల్లో ఎవరి పేరు మీద మైదానం ఇచ్చారు, ఎంత కట్టించుకున్నారు అని అడగండి. టోర్నమెంటులో జట్టుకింత అని వసూలు చేసిన 'గ్రౌండ్ ఫీజు'ను, సర్కారుకు నిజంగా కట్టినదాన్ని పక్కపక్కన పెడితే మీటింగులో వాదన సగం తగ్గుతుంది.

గోదావరిఖని నుంచి ఒక పాఠకుడు: ఫ్లెక్సీ వద్దనుకున్నం, గుడ్డ బ్యానర్ మేమే రాసుకుంటం. అవతలి గట్టు నుంచి కనబడాల్నంటే ఎంత సైజు ఉండాలె?

పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం, ఇది మొదటి లెక్క. వంద మీటర్ల అవతలికి కనబడాలంటే అక్షరం మూడడుగులు ఉండాలి. తెలుగులో గుడి పైకి, వత్తు కిందికి పోతాయి కాబట్టి పైన ఒకటిన్నర, కింద ఒకటిన్నర అడుగు వదలాలి. అంటే బ్యానర్ ఎత్తు ఆరడుగులు. 'లెక్కలు చెప్పండి' అని రాయాలంటే పొడవు 24 అడుగులు. ఇంతకంటే పెద్ద మాట పెట్టుకోకండి. జాగా చాలక వత్తులు ఇరుకున పడితే అవతలివాళ్లకు మరకలే కనబడతాయి.

36 అంగుళాల పన్నా ఉన్న కోరా గుడ్డ 16 మీటర్లు తీసుకుని రెండు ముక్కలు చేసి పొడవునా కుట్టించండి. కుట్టడానికి ముందు ఒకసారి ఉతికి ఆరబెట్టాలి. గంజి పోకుంటే రంగు పట్టదు, మడతల దగ్గర రాలుతుంది. ఉతికితే గుడ్డ కొంచెం కుదించుకుపోతుంది, ఆ తరుగు కూడా 16 మీటర్లలో కలిసే ఉంది. కుట్టు సరిగ్గా అక్షరం నడుమ వస్తుంది కనుక ఇస్త్రీతో అణచండి. కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. పేపర్ పరిస్తే రంగు దిగి అతుక్కుంటుంది. దర్జీ సుద్దతో గీసుకుని, ఆరంగుళాల మందంతో నింపండి. గోడలకు వేసే నీటి ఎమల్షన్ ఒక లీటరు సరిపోతుంది, నీళ్లు కొద్దిగానే కలపాలి. ఎనామిల్ వద్దు, గట్టిపడి పగులుతుంది, టర్పెంటైన్ వాసన చూస్తే గేటు దగ్గరే ఆపుతారు.

కర్రలు లోపలికి రానివ్వరు. పై అంచు మడిచి కుట్టి తాడు దూర్చండి, మూడడుగులకో పట్టీ కుట్టి రెయిలింగ్‌కు కట్టండి. నాలుగు మూలలే కడితే గాలికి మొదట ఆ మూలలే చినుగుతాయి. ప్రకటన బోర్డుల మీద, బయటికి పోయే దారుల మీద వేలాడదీస్తే సిబ్బంది నిమిషాల్లో తీసేస్తారు.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: స్టేడియం బయట శాంతియుతంగా నిలబడ్డందుకు కూడా పోలీసు పర్మిషన్ కావాల్నా?

తీసుకోండి. వరంగల్, కరీంనగర్, రామగుండం కమిషనరేట్లలో అనుమతి లేని సభలు, ర్యాలీలపై సిటీ పోలీస్ యాక్ట్ కింద ఆంక్షల ప్రకటనలు తరచూ వస్తుంటాయి. పాత 144 సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లోని సెక్షన్ 163 వచ్చింది, అది అమల్లో ఉంటే గుమిగూడటమే నేరం. కనీసం వారం ముందు స్థానిక స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి. తేదీ, మొదలు-ముగింపు టైం, నిలబడే చోటు, ఎంతమంది, మైక్ ఉందా లేదా, ఇద్దరు బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. సంఖ్య తగ్గించి రాయకండి, యాభై అని రాసి మూడొందల మంది వస్తే బాధ్యత ఆ ఇద్దరి మీదే పడుతుంది. రోడ్డు మీద కాకుండా పార్కింగ్ వైపు జాగా అడిగితే తొందరగా ఒప్పుకుంటారు. రాత్రి పది తర్వాత మైక్ ఎట్లాగూ కుదరదు. కాబట్టి మ్యాచ్ అయిపోయాక కాదు, గేట్లు తెరవడానికి గంట ముందు నిలబడండి. అప్పుడే టికెట్ చేతపట్టుకున్న జనం మీ ముందు నుంచే లోపలికి పోతారు.